ఒకే విమానం, అంతే

గోదావరి దాటించే పంటు ఇంకా అవతలి ఒడ్డునే ఉంది. పాటు వేళ, నీళ్ళు సముద్రంలోకి లాగేశాయి, ఇసుక మేటని చుట్టుకుని రావాలి, ఆలస్యమవుతుందండీ అని టికెట్లిచ్చే మనిషి కారు అద్దంలోకి వంగి ఎవరికో చెబుతున్నాడు. ఆ మాటకి రేవులో అందరూ విసుక్కున్నారు, సత్యప్రసాద్‌కి ఒక్కడికే ప్రాణం లేచొచ్చింది. ఆలస్యం కానీ. అసలు ఇంజన్ పాడైంది, ఇవాళ్టికి రాదు అని చెప్పినా బాగుండును. సూట్‌కేసు ఈడ్చుకుంటూ మళ్ళీ ఇంటికి పోవచ్చు, నేనైతే బయల్దేరాను, నా తప్పేముంది అనుకోవచ్చు. అలా అనుకోవడం ఈ మధ్య తనకి బాగానే అలవాటైంది. మలేషియా నుంచి వచ్చి నాలుగు రోజులైంది. బుజ్జిబాబుని కలిశావురా అని నాన్న రోజూ అడుగుతున్నాడు, ఫోన్లో మాట్లాడాను నాన్నా అని తను రోజూ అబద్ధం చెబుతున్నాడు. నరసాపురంలో తమ ఇంటి నుంచి రేవుకి నడిచొచ్చేంత దూరం, గోదావరి దాటితే సఖినేటిపల్లి, అక్కడ ఎవర్నడిగినా రొయ్యల చెరువుల బుజ్జిబాబు ఇల్లు చూపిస్తారు. అంత దగ్గర్లో ఉన్న మనిషి దగ్గరికి బయల్దేరడానికి నాలుగు రోజులు పట్టింది. అదీ వెళ్ళాలనిపించి కాదు, పొద్దున్న అమ్మ మంచం కింద ఊడుస్తూ "ఈ ఎర్ర పెట్టె ఎవరిదిరా?" అని బయటికి లాగింది కాబట్టి.

ఆ ఎర్ర పెట్టె ఇప్పుడు అతని మోకాలికి ఆనుకుని నిలబడి ఉంది. దాని పిడికి ఆకుపచ్చ దారంతో అల్లిన లేసు ముక్క. బుజ్జిబాబు వాళ్ళమ్మ వెంకటదుర్గ కట్టింది. అక్కడ అందరి పెట్టెలూ ఒకేలా ఉంటాయంట కదా, దీన్ని చూస్తే మనదని తెలుస్తుంది అని కట్టిందట. తెలిసింది మరి. ఆ దేశం ఎయిర్‌పోర్టులో, అద్దంలా మెరిసే ఆ హాల్లో, బెల్టు మీద నల్లవీ నీలంవీ పెట్టెలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటే, ఆ ఆకుపచ్చ ముక్క దూరం నుంచే కనిపించింది. చెయ్యి చాచి మనదేనని దించుకున్నాడు. పెట్టెని మనదన్నాడు. అప్పటికి కాసేపటి ముందే, దాన్ని సర్దుకొచ్చిన మనిషిని కాదన్నాడు.

అసలా మలేషియా ప్రయాణం బుజ్జిబాబుదే. వాడి కోరిక, వాడి ప్లాను. డిగ్రీ చదివే రోజుల్లో రోజూ ఈ పంటు మీదే కాలేజీకి వచ్చేవాడు, సాయంత్రం తను రేవు దాకా వచ్చి దిగబెట్టేవాడు. నీళ్ళు ఎటు పోతున్నాయో అటు చూపించి, "ఒక్కసారైనా ఆ సముద్రం అవతల దిగాల్రా ప్రసాదూ, పనికి కాదు, ఊరికే, చూసి రావడానికి" అనేవాడు. పనికి కాదు అని ఎందుకనేవాడో తనకి తెలుసు. ఈ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కువైట్‌కో మస్కట్‌కో వెళ్ళిన వాళ్ళందరూ పనికి వెళ్ళినవాళ్ళే. వాడికి టూరిస్టుగా వెళ్ళాలని. టోపీ పెట్టుకుని, ఫొటోలు తీసుకుంటూ. ముగ్గురిలో ముందు పాస్‌పోర్టు తెచ్చుకున్నది వాడే. తనకీ, తమతో చదివిన విశ్వనాథ్‌కీ దగ్గర కూర్చుని ఆన్‌లైన్‌లో అప్లికేషన్ పెట్టించిందీ వాడే. విశ్వనాథ్‌కి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అడిగేవాళ్ళు లేరు. తనకే నాన్నతో చిక్కొచ్చింది. ఎవడో మోసం చేస్తే ఆ దేశంలో ఎవరు దిక్కురా అని నాన్న మంచం దిగకుండా తల అడ్డంగా ఊపుతుంటే, బుజ్జిబాబు గోదావరి దాటి వచ్చి, కింద చాప మీద కూర్చుని, "నేను పక్కనే ఉంటాను కదా బాబాయిగారూ, మీవాణ్ణి తీసుకెళ్ళి తీసుకొచ్చి అప్పజెబుతాను" అన్నాడు. నాన్న వాడి మాట మీదే ఒప్పుకున్నాడు. తన మాట మీద కాదు.

భయపడ్డాను అనుకుంటే కొంచెం నయంగా ఉంటుంది. నాలుగు రోజులుగా అదే అనుకుంటున్నాడు. భయానికి సాక్ష్యం కూడా ఉంది. ఒకడి మీద డౌటొస్తే గ్రూపు మొత్తాన్ని ఆపేస్తారంట్రా అని విశ్వనాథ్ విమానంలో చెప్పాడు, ఎవరి వీడియోనో చూశాడట. కానీ భయం ఒక్కటే అయితే అది ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర మొదలవ్వాలి. విశాఖపట్నం ఎయిర్‌పోర్టులోనే తను బుజ్జిబాబుకి రెండడుగులు ముందు నడవడం మొదలుపెట్టాడే, దాన్నేమనాలి? వాడు చెకింగ్ దగ్గర బెల్టు విప్పమంటే గట్టిగా నవ్వాడు. విమానం రెక్కని వీడియో తీస్తూ ఇదిగో అమ్మా చూడు అని ఫోన్‌కి చెప్పాడు. మంచినీళ్ళిచ్చిన అమ్మాయికి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. "ప్రసాదూ, ఒరేయ్ ప్రసాదూ, కింద మబ్బులు చూశావా" అని నాలుగు వరసల అవతల్నుంచి కేకేస్తే, పక్క సీట్లో ఇంగ్లీషు పుస్తకం చదువుకుంటున్న అమ్మాయి తలెత్తి చూసింది. అప్పుడు తను కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోతున్నట్టు. మెడ పక్కకి వాల్చి, నోరు కొంచెం తెరిచి, ఎంత బాగా నటించాడంటే, బుజ్జిబాబు లేచి వచ్చి తన మీదికి ఏసీ గాలి పడకుండా పైన మర తిప్పి వెళ్ళాడు. కళ్ళు మూసుకునే ఉన్నా తెలిసింది, వాడి చేతికి ఎప్పుడూ ఉండే రొయ్యల మేత వాసన సబ్బుకి కూడా పోలేదు.

కౌంటర్ దగ్గర విశ్వనాథ్ ముందే అవతలికి వెళ్ళిపోయాడు. తనూ బుజ్జిబాబూ పక్కపక్క వరసల్లో ఒకేసారి ముందుకొచ్చారు. తన పాస్‌పోర్టు ఆఫీసరమ్మ చేతిలో ఉంది, ముద్ర కొట్టబోతోంది. పక్క కౌంటర్‌లో ఆఫీసరు బుజ్జిబాబుని ఎందుకొచ్చావు అని అడిగినట్టుంది, వాడు ఏం పని చేస్తావని అడిగారనుకుని వర్క్ అన్నాడు, ప్రాన్స్ వర్క్ అన్నాడు, చేతులతో మేత చల్లుతున్నట్టు చూపించాడు. ఆ ఆఫీసరు మొహం మారింది. అరవలేదు, కసరలేదు, మర్యాదగానే అడిగాడు, హోటల్ బుకింగ్ చూపించమన్నాడు. ముగ్గురి బుకింగూ ఉన్నది తన ఫోన్లో. బుజ్జిబాబు ఇటు తిరిగాడు. ఆ తిరగడంలో కంగారేం లేదు, అన్నం తింటూ కూర గిన్నె ఇటందుకో అన్నంత మామూలుగా తిరిగాడు. తన వైపు వేలు చూపించి, "ఫ్రెండ్" అన్నాడు. ఆఫీసరు అద్దం పక్కనుంచి వంగి, అతనితో కలిసి వచ్చారా అని సత్యప్రసాద్‌ని అడిగాడు. చేతిలోనే ఫోనుంది. ఒక్కసారి తెరిచి చూపిస్తే అయిపోయేది. "నో సర్" అన్నాడు. అక్కడితో ఆగినా బతికిపోయేవాడేమో, ఎవరూ అడక్కుండానే ఇంకో ముక్క కలిపాడు. "ఓన్లీ సేమ్ ఫ్లైట్." ఒకే విమానం, అంతే.

బుజ్జిబాబుకి ఇంగ్లీషు రాదనుకుంటారు గానీ ఆ మాటలు అర్థం కానంత రాకపోవడం కాదు. తన మొహంలోకి చూశాడు. ఏదో జోక్ చేస్తున్నాడు, ఇప్పుడు నవ్వుతాడు అన్నట్టు కాసేపు చూశాడు. తర్వాత ఆఫీసరు వైపు తిరిగి, అవునన్నట్టు తలూపాడు. పొరపాటు పడ్డాను, ఆయనెవరో నాకు తెలీదు అన్నట్టు. తను ఆడిన అబద్ధానికి వాడు సాక్ష్యం చెప్పాడు. ఈలోగా తన పాస్‌పోర్టు మీద ముద్ర పడింది, దాన్ని తీసుకుని నడిచాడు. వెనక్కి చూడలేదు. చూడలేదు అని ఇప్పటిదాకా అనుకుంటున్నాడు. చూశాడు. ఇద్దరు యూనిఫారం వాళ్ళ మధ్య కొత్త చొక్కా వీపు, దాని మీద మడతలు కూడా పోలేదు.

విశ్వనాథ్‌తో ఏమన్నాడో తలుచుకోకూడదనుకుంటాడు గానీ అది మానదు. "గొడవ పడ్డాన్రా, వినలేదు" అన్నాడు. రాత్రికి బుజ్జిబాబు దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. వెనక్కి పంపేస్తున్నారు, మీరు ట్రిప్ పాడు చేసుకోకండి అని. విశ్వనాథ్ పాపం ఏడ్చినంత పని చేశాడు, మనమూ వెళ్ళిపోదామా అన్నాడు. వాడే వద్దంటున్నాడు కదా అన్నది తను. మర్నాడు ఎత్తయిన జంట బిల్డింగుల ముందు నిలబడి ఫొటో దిగారు. స్టేటస్‌లో పెడితే మొదటి లవ్ సింబల్ బుజ్జిబాబుదే. ప్రతి ఫొటోకీ వాడిదే మొదటిది. మూడో రోజు హోటల్ గదిలో ఆకలేసి ఎర్ర పెట్టె తెరిచారు. బట్టల మధ్య డబ్బా నిండా కజ్జికాయలు, జంతికలు, పక్కన సీసాలో రొయ్యల పచ్చడి. పాడైపోతాయి కదరా అని విశ్వనాథ్ అన్నాడు. పాడైపోతాయి అని తనూ అన్నాడు. ఇద్దరూ మంచం మీద పేపరు పరుచుకుని తిన్నారు. బాగున్నాయి. అదే ఇప్పటికీ మింగుడు పడదు, అవి అంత బాగుండటం.

పంటు వచ్చి ఒడ్డుకి తగిలింది. కార్లు దిగాయి, బళ్ళు దిగాయి, మేత బస్తాల వ్యాను ఎక్కింది. సత్యప్రసాద్ పెట్టెని ఎత్తి, రేకు మీద చక్రాలు చప్పుడు చెయ్యకుండా మోసుకెళ్ళి రెయిలింగ్ పక్కన పెట్టాడు. దానికి అడ్డంగా నిలబడ్డాడు. బోటు ఇంజన్ మొదలై పంటు కదులుతుండగా వెనక నుంచి ఎవరో పిలిచారు.

"ఒరేయ్ ప్రసాదూ! నువ్వేనా నాన్నా?"

వెంకటదుర్గ. చేతిలో గుడ్డ సంచి, నుదుటి మీద చెమట. అల్లిన లేసు నరసాపురంలో కొట్టుకి ఇచ్చేసి వస్తున్నట్టుంది. కాళ్ళు వాటంతట అవే రెండడుగులు వెనక్కి వేశాయి, వెనక రెయిలింగ్, దాని వెనక గోదావరి.

"మా ఇంటికేనా? పెట్టె తెచ్చావా? ఎంత దూరం మోసుకొచ్చావయ్యా, వాణ్ణే రమ్మంటే వచ్చి పట్టుకెళ్ళేవాడు కదా."

"పర్వాలేదు పిన్నీ. నేనే... రావాలనుకుంటున్నాను."

"వాడంతా చెప్పాడులే," అందామె.

అయిపోయింది అనుకున్నాడు. ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది. చెప్పేశాడు, తెలిసిపోయింది, ఇక కొడుతుందో తిడుతుందో, ఇంతమందిలో తిట్టినా మంచిదే.

"నువ్వు ఆ ఆఫీసరుతో గొడవ పెట్టుకున్నావంట కదా. వీణ్ణి పంపితే నేనూ వెళ్ళిపోతానని కూర్చున్నావంట. వాడే ఒట్టేయించుకుని నిన్ను లోపలికి పంపించాడంట." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "వాళ్ళ నాన్న నమ్మలేదనుకో. స్నేహితులు వదిలేసి పోయుంటారు, వీడు కప్పిపుచ్చుతున్నాడు అంటారు. ఊళ్ళో కూడా నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. నేను మాత్రం ఒప్పుకోలేదు. ప్రసాదు అలాంటివాడు కాదు, మా ఇంట్లో అన్నం తిన్నవాడు అన్నాను. కజ్జికాయలు సరిపోయాయా నాన్నా? కొబ్బరివి నీకిష్టమని అవే ఎక్కువ పెట్టాను."

"సరిపోయాయి పిన్నీ," అన్నాడు.

ఇంకేదో అడిగింది, ఇంజన్ చప్పుడులో వినపడలేదు, వినపడలేదన్న మిషతో తలూపాడు. చెప్పేయాలి. ఇప్పుడే. పిన్నీ, నేను కాదన్నాను, వాడెవడో తెలీదన్నాను. నాలుగు ముక్కలు. తెలుగులో ఆ మాట ఎప్పుడూ అనలేదు, లోపల కూడా అనుకోలేదు, ఎప్పుడు తలుచుకున్నా ఇంగ్లీషులోనే తలుచుకుంటున్నాడు. అలాగైతే అది ఇంకెవరో అన్నట్టు ఉంటుంది కాబోలు. తెలుగులో అంటే ఎంత నీచంగా ఉందో. ఈవిడ తన కోసం మొగుడితో వాదించింది. తను బాగా నిద్రపోతున్నాడని ఈవిడ కొడుకు గాలి రాకుండా మర తిప్పాడు. ఈ తల్లీకొడుకులకి తన మీద ఇంత నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చింది, తను ఏం చేశాడని? ఏమీ చెయ్యలేదు. పదేళ్ళుగా వాళ్ళింట్లో తిన్నాడు, అంతే. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళలోకి కొడుతోంది. చెబుతాను, ఆ మేట దాటాక చెబుతాను. మేట దాటింది. ఆవిడ సంచిలోంచి జామకాయ తీసి, పైటతో తుడిచి, తన చేతిలో పెట్టింది.

సఖినేటిపల్లి ఒడ్డున బుజ్జిబాబు బైకు మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ కోసం వచ్చాడు. అమ్మ పక్కన సత్యప్రసాద్‌నీ, అతని చేతిలో ఎర్ర పెట్టెనీ చూసి బైకు దిగి నిలబడ్డాడు. నవ్వలేదు, మొహం తిప్పుకోలేదు.

"ఎప్పుడొచ్చావు?" అన్నాడు.

"ఇప్పుడే వచ్చాడు, భోజనం చేసే వెళతాడు. పొద్దున్న రొయ్యల ఇగురు వండే వెళ్ళాను," అని వెంకటదుర్గ పెట్టె అందుకుని ఆటో ఎక్కింది. "మీరిద్దరూ బండి మీద వచ్చేయండి."

ఆటో వెళ్ళిపోయింది. ఒడ్డున మట్టి రోడ్డు మీద జనం పలచబడ్డారు. సత్యప్రసాద్ జామకాయ చేత్తోనే పట్టుకుని ఉన్నాడు. దారంతా ఏవేవో మాటలు కూర్చుకున్నాడు, చివరికి సారీరా అన్నాడు. అన్నాక ఆ మాట తనకే చాలా చిన్నగా వినిపించింది.

"మీ అమ్మకి అలా ఎందుకు చెప్పావు? నేను మీ ఇంటికొచ్చి నిజం చెప్పేస్తాను. మీ నాన్నగారికి కూడా. నా కోసం నువ్వు అబద్ధాలాడక్కర్లేదు."

"నీ కోసమనుకున్నావా?" అన్నాడు బుజ్జిబాబు.

బైకు తాళం వేలికి తగిలించుకుని దాన్నే చూస్తూ మాట్లాడాడు. "ఆ గదిలో కూర్చోబెట్టారు. బానే చూసుకున్నార్లే, నీళ్ళిచ్చారు, బ్రెడ్డిచ్చారు. అక్కడున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన, ఇంటికెళ్ళి అమ్మకి ఏం చెప్పాలి అని. పంపేశారు అని చెప్పడానికి నాకు సిగ్గు లేదురా. ఆ ఆఫీసరుకి నేనెవరో తెలీదు, పంపేస్తాడు. ప్రసాదు ఏమన్నాడు అని అమ్మ అడుగుతుంది కదా. ఆ మాట ఎలా చెప్పను? చిన్నప్పట్నుంచీ మా ప్రసాదు, మా ప్రసాదు అని మా ఇంట్లో నేనే కదా అన్నది. నాకే సిగ్గేసింది."

సత్యప్రసాద్ అతని మొహంలోకి చూడలేకపోయాడు. నాలుగు రోజులుగా ఈ సిగ్గు తన ఒక్కడిదే అనుకున్నాడు. రాత్రుళ్ళు దాంతోనే పడుకుని, దాంతోనే లేచి, కనీసం సిగ్గుపడుతున్నాను కదా, అంత చెడ్డవాణ్ణి కాను అని లోలోపల దాన్నే పట్టుకుని వేలాడాడు. వీడు ఏ తప్పూ చెయ్యకుండా ఇదే మోస్తున్నాడు. మోస్తూ తన ఫొటోలకి లవ్ సింబల్స్ పెట్టాడు, వాళ్ళమ్మ చూస్తుందని కాబోలు.

"నిజం చెప్పేస్తే నీకు తేలికైపోతుంది," అన్నాడు బుజ్జిబాబు. "నాకు అవ్వదు. మా నాన్న నేను చెప్పాను కదా అంటాడు. అమ్మ మళ్ళీ ఎవరి ముందూ నా ఫ్రెండ్స్ మాట ఎత్తదు. నీకు చెప్పాలనుంటే ఇంకెక్కడైనా చెప్పుకో. మా ఇంట్లో వద్దు. ఎక్కు."

ఎక్కాడు. ఎప్పుడూ వాడి భుజం మీద చెయ్యి వేసేవాడు, ఇవాళ వెనక కమ్మీ పట్టుకున్నాడు. చెరువుల గట్ల మీదుగా వెళ్ళారు, రొయ్యలకి గాలి అందించే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి.

వసారాలో బుజ్జిబాబు నాన్న కుర్చీలో ఉన్నాడు. రా అని కూడా అనలేదు. వెంకటదుర్గ ముగ్గురికీ కంచాలు పెట్టింది, ఇగురు వడ్డించింది, తినండి తినండి అంది. సగం భోజనం అయ్యాక ఆయన కంచంలోంచి తలెత్తి నేరుగా సత్యప్రసాద్ వైపు చూశాడు.

"అసలు అక్కడ ఏం జరిగిందయ్యా? మావాడు సరిగ్గా చెప్పడు. నువ్వు చెప్పు."

బుజ్జిబాబు చెయ్యి కంచంలో ఆగిపోయింది. వెంకటదుర్గ గరిటె పట్టుకుని నిలబడింది.

సత్యప్రసాద్ చెప్పాడు. మంచినీళ్ళు తాగి మొదలుపెట్టాడు. పక్కపక్క వరసల్లో ఉన్నామండీ బాబాయిగారూ. బుకింగ్ నా ఫోన్లో ఉంది. వీడు నన్ను చూపించాడు, ఆఫీసరు నన్నడిగాడు, ఇతనితో వచ్చావా అని. "అవును సార్ అన్నానండీ. ఇతను నా ఫ్రెండు, ఇద్దరం కలిసే వచ్చాం, ఇతను లేకుండా నేను లోపలికి రాను అన్నాను." ఫోన్ తెరిచి చూపించానండీ. వినలేదు. ఇంకా అడిగాను. నా పాస్‌పోర్టు కూడా వెనక్కిచ్చెయ్యమన్నాను. ఒక్కొక్క మాటా ఎంత సులువుగా వస్తోందో, ఎక్కడా తడబాటు లేదు, ఏ మాట తర్వాత ఏ మాట అనాలో అన్నీ వరసగా నోటికి వస్తున్నాయి. ఇవన్నీ తనకి ముందే తెలుసు. ఆ కౌంటర్ దగ్గర నిలబడ్డప్పుడు కూడా తెలుసు.

"అంత మాటన్నావా?" అన్నాడాయన. గొంతు మారింది. "నేనేదో అనుకున్నాను బాబూ. ఏమనుకోకు." భార్య వైపు తిరిగి, "పెరుగు తే, పిల్లలకి వెయ్యి," అన్నాడు.

వెంకటదుర్గ సంతోషంతో లోపలికి పరిగెత్తినట్టే వెళ్ళింది. సత్యప్రసాద్ పక్కకి చూశాడు. బుజ్జిబాబు తల వంచుకుని అన్నం కలుపుకుంటున్నాడు. కలిపిందే మళ్ళీ మళ్ళీ కలుపుకుంటున్నాడు, ఒక్క ముద్దా ఎత్తడం లేదు.